లవణములన్నియు తటస్థములేనా?

ఆమ్లము, క్షారము కలిసినచో లవణము, నీరు ఏర్పడును. ఈ చర్యయే తటస్థీకరణము. ఈ వాక్యమును వల్లెవేయని ఉన్నత పాఠశాల విద్యార్థి అరుదు. వాక్యము తప్పు కాదు; దానిని బోధించు తీరులో లోపము కలదు. చర్య పేరు తటస్థీకరణము కనుక దానివలన పుట్టిన లవణము కూడ తటస్థమేయని విద్యార్థి తనంతట తానే ఊహించుకొనును. హైడ్రోక్లోరికామ్లము, సోడియం హైడ్రాక్సైడు కలిసి వంట ఉప్పు ఏర్పడుట ఒక్కటే ఉదాహరణగా చూపినప్పుడు ఆ ఊహ మరింత బలపడును. ఉప్పునీరు ఏ లిట్మసునూ మార్చదు. ఇట్లు ఒక్క ఉదాహరణయే నియమమై కూర్చుండును.

ఈ నియమము నిలువదని తెలిసికొనుటకు పెద్ద ప్రయోగశాల అక్కరలేదు. ఉప్పు, చాకలి సోడా, పటిక మూడును అంగడిలో దొరకునవే, మూడును లవణములే. వీనిని వేరువేరు గ్లాసులలో కరగించి పరీక్షింపవచ్చును. ఉప్పునీరు తటస్థముగా నుండును. సోడా నీరు ఎర్ర లిట్మసును నీలముగా మార్చును. పటిక నీరు నీలి లిట్మసును ఎర్రగా మార్చును. లిట్మసు లేనిచో పసుపు పూసిన కాగితముపై సోడా నీటిని ఒక చుక్క వేసినను చాలును. పసుపులో సున్నము కలిపినప్పటి పారాణి ఎరుపే అచ్చటను కనిపించును.

దీనికి కారణమేమి? ఆమ్లములు నీటిలో హైడ్రోజన్ అయానులను, క్షారములు హైడ్రాక్సైడు అయానులను ఇచ్చునను భావమునకు ఆర్హీనియస్ 1884లో సమర్పించిన సిద్ధాంత వ్యాసము పునాది. కాని చాకలి సోడాలో హైడ్రాక్సైడు లేనే లేదు. 1923లో బ్రాన్‌స్టెడ్, లౌరీ వేరువేరుగా ప్రతిపాదించిన నిర్వచనము ఈ చిక్కును విడదీసినది. ప్రోటానును ఇచ్చునది ఆమ్లము, గ్రహించునది క్షారము. సోడాలోని కార్బొనేటు అయాను నీటి అణువునుండి ప్రోటానును గ్రహించును. మిగిలినది హైడ్రాక్సైడు అయాను. పటికలోని అల్యూమినియం అయాను తన చుట్టు చేరిన నీటి అణువులనుండి ప్రోటాను విడిపోవునట్లు చేయును. ఉప్పులోని అయానులు ఈ రెండింటిలో ఏదియు చెప్పుకోదగినంతగా చేయవు.

ఇది పరీక్షలో రెండు మార్కుల విషయము మాత్రమే కాదు. నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతములోని కొత్తపల్లె వంటి నల్లరేగడి గ్రామములలోని విద్యార్థికి చౌడు అను మాట కొత్త కాదు. మురుగు పోవు దారిలేని నేలలో సాగునీరు నిలిచి ఆవిరియైనచో లవణములు పైకి చేరును. తెలుగు రైతు చౌడును రెండుగా విభజించి చెప్పును. పాలచౌడులో ఎక్కువగా నుండునవి సోడియం క్లోరైడు, సల్ఫేటు వంటి లవణములు, దాని పి.హెచ్. సాధారణముగా 8.5కు లోపలనే యుండును. కారుచౌడులో సోడియం మట్టి రేణువులను అంటిపెట్టుకొని యుండును, సోడా కూడ చేరును, పి.హెచ్. 8.5 దాటును, నీరు ఇంకదు. మొదటిదానికి మంచినీరు పెట్టి, మురుగు తీసి, లవణములను కడిగివేయుట చాలును. రెండవదానికి ముందు జిప్సం వేయవలెను. జిప్సంలోని కాల్షియం మట్టిలోని సోడియమును తొలగించి ఆ స్థానమును పొందును. సోడా సున్నపురాయి పదార్థముగా మారి అడుగున పడును. ఏర్పడిన సోడియం సల్ఫేటు నీటితో కొట్టుకొనిపోవును.

జిప్సం కూడ లవణమే. లవణమనగా ఉప్పని, ఉప్పనగా తటస్థమని నేర్చిన విద్యార్థికి, లవణముతో చెడిన నేలలో మరల లవణమేల వేయవలెనో బోధపడదు. తండ్రి వాడు రెండు మాటలలోని భేదము కుమారుని పాఠములో ఒక్క మాటక్రింద మరుగుపడును.

పదజాలము కూడ ఈ గందరగోళమునకు కొంత కారణము. లవణమను మాటకు వాడుకలో ఉప్పని అర్థము. క్షారమను మాట పూర్వము ఉప్పదనమునకు సైతము చెల్లినది. నేడు అదియే బేసునకు, నీటిలో కరగు బేసైన ఆల్కలీకి కూడ వాడబడుచున్నది. కాపర్ ఆక్సైడు బేసే. నీటిలో కరగదు కనుక ఆల్కలీ కాదు. పదములను మార్చనక్కరలేదు, ఇంటి అర్థము వేరు, శాస్త్రార్థము వేరని మొదటి దినముననే చెప్పిన చాలును.

నిర్వచనమును నల్లబల్లపై వ్రాయుటకు ముందు ఆ మూడు గ్లాసులను బల్లపై నుంచుట మేలు. సమబలము గల ఆమ్ల క్షారములవలన పుట్టిన లవణమే తటస్థముగా నుండునని, తక్కినవి బలమైన దాని పక్షము వహించునని విద్యార్థి అప్పుడు తన కంటితోనే చూడగలడు.