న్యోన్యా పింగాణిపై మంగళ చిహ్నాలు

బ్రిక్‌ఫీల్డ్స్ పేరులోనే మట్టి ఉంది. 1881లో అగ్నిప్రమాదం, వరద కౌలాలంపూరును దెబ్బతీసిన తరువాత ఊరిని తిరిగి కట్టడానికి ఇక్కడి బట్టీలు ఇటుకలు కాల్చాయి. అటువంటి పేటలో మసలే మనం, ఈ దేశంలోనే ఆదరణ పొందిన మరొక కాల్చిన మట్టిని, అంటే బాబా న్యోన్యాల రంగుల పింగాణిని, శ్రద్ధగా చూడవలసి ఉంది.

బాబా న్యోన్యాలు మలక్కా, పినాంగ్, సింగపూరులలో తరతరాల క్రితం స్థిరపడి, మలయ్ మాటను, వంటను తమవి చేసుకున్న చైనీయుల సంతతి. 19వ శతాబ్దం చివరి నుండి 20వ శతాబ్దం తొలి దశాబ్దాల వరకు వీరు చైనాలోని జింగ్‌డెజెన్ నుండి పళ్ళాలు, గిన్నెలు, కమ్‌చెంగ్ అనే మూతకుండలు తెప్పించుకున్నారు. తెల్లని పింగాణిని ముందు పెద్ద మంటలో కాల్చి, దానిపై గాజురంగులతో చిత్రించి, తక్కువ వేడిలో మళ్ళీ కాలుస్తారు. అందులోని గులాబీ రంగు బంగారం నుండి వచ్చినది. 18వ శతాబ్దంలో ఈ రకపు రంగులను చైనీయులే "విదేశీ రంగులు" అన్నారు.

పాత్ర నడుమ రెక్కలు విప్పిన ఫీనిక్స్ పక్షి, దాని చుట్టూ పియోనీ పూలు. పక్షి మహారాణికీ, పెళ్ళికూతురికీ గుర్తు. పువ్వు సిరిసంపదలకు గుర్తు. అనేక పాత్రల అంచున ఎనిమిది చిహ్నాలు ఉంటాయి: చక్రం, శంఖం, ఛత్రం, ధ్వజం, పద్మం, కలశం, జంట చేపలు, మన మెలికల ముగ్గును తలపించే అంతులేని ముడి. బౌద్ధంతో పాటు భారతదేశం నుండి చైనాకు చేరిన అష్టమంగళాలు ఇవి. అమరావతి స్తూపపు పలకలపై పూర్ణకుంభాన్ని చెక్కిన జాతి వారసులకు ఇవి కొత్తవి కావు.

అయితే ఇది చూసి "అంతా మనదే" అని పొంగిపోవడం విమర్శ అనిపించుకోదు. అమరావతి కుంభం నిండుగా, బరువుగా ఉండి, దాని నుండి తామరలు పొంగి వస్తాయి. ఇక్కడి కలశం రిబ్బను చుట్టిన చిన్న బొమ్మ. మా దృష్టిలో ఈ అంచు చిహ్నాలే పాత్రలో బలహీనమైన భాగం. కుంచె తొందర తెలిసిపోతుంది, కొన్నిచోట్ల ఏది శంఖమో ఏది చేపో పోల్చుకోలేము. చిత్రకారుని ప్రాణమంతా నడుమనున్న పక్షిలో ఉంది.

అసలు గొప్పతనం రంగుల ఎంపికలో ఉంది. గులాబీ, పచ్చ, పసుపు, మణినీలం పక్కపక్కనే మెరుస్తాయి. ఈ రంగుల పాత్రలు పెళ్ళిళ్ళకూ, పండుగలకూ. తెలుపు నీలం పాత్రలు మైలకూ, పితృకార్యాలకూ, రోజువారీ వాడుకకూ. పసుపు కుంకుమల విలువ ఎరిగిన మనకు ఈ పద్ధతి వేరే చెప్పనక్కరలేదు. చైనా కొలిమి నుండి వచ్చినా, అందులోని అభిరుచి మలక్కాది. వలస వచ్చినవారు మాతృదేశం ఇచ్చినదానితో సరిపెట్టుకోక, తమ శుభానికి తామే రంగు నిర్ణయించుకున్నారు.

మన సంగతి ఏమిటి? ఎస్టేటు లైన్ల ముందు మన అవ్వలు వేసిన ముగ్గులను భద్రపరచే అద్దాల పెట్టె ఏదీ లేదు. అవి సాయంత్రానికి చెరిగిపోయాయి. నేడు గుమ్మాల ముందు అతికించే ముగ్గులు దుకాణంలో దొరుకుతాయి, వాటికి పేరు లేదు, వేసిన చేయి లేదు. మలక్కా హీరెన్ వీధిలోని బాబా న్యోన్యా సంగ్రహాలయం ఇక్కడికి సుమారు 150 కిలోమీటర్లు. పిల్లలతో వెళ్ళి ఆ పాత్రలను చూసి రండి. తిరిగి వచ్చాక ఇంటి పెద్దావిడను కూర్చోబెట్టి, ఆమెకు గుర్తున్న ముగ్గులను పేర్లతో సహా ఒక నోటుపుస్తకంలో వేయించండి. ఆ పని ఈ తరం చేయకపోతే వచ్చే తరానికి అడగడానికి ఎవరూ ఉండరు.