వెనకవైపు చూస్తేనే తెలిసేది

మొన్న నరసాపురంలో స్నేహితురాలి కూతురి పెళ్లికి అమ్మని వెంటపెట్టుకుని చర్చికి వెళ్లాను. ప్రార్థన అయి, ఉంగరాలు మార్చుకుని, ఫొటోల సందడి మొదలయ్యాక అమ్మ మెల్లగా పెళ్లికూతురి దగ్గరికి నడిచింది. తలమీద చెయ్యి పెట్టి దీవించింది. ఆ చెయ్యి అలాగే కిందికి జారి మేలిముసుగు అంచు పట్టుకుంది. అంచు తిరగేసి చూసింది. లేసు అల్లినవాళ్లు ముందువైపుతో సరిపెట్టుకోరు. ముడి ఎక్కడ వేశారో, అతుకు ఎక్కడ పడిందో వెనకే తెలుస్తుంది. “మిషను లేసే,” అంది, నాకు మాత్రమే వినపడేలా.

అమ్మ నలభై ఏళ్లు లేసు అల్లింది. మధ్యాహ్నం అన్నాలయ్యాక మా వీధరుగు మీద నలుగురైదుగురు చేరేవారు. దారం ఉండ దొర్లిపోకుండా గిన్నెలో వేసుకునేవారు. కబుర్లు ఎటు పోయినా చేతిలో సూది ఆగేది కాదు. పువ్వులు అల్లేవాళ్లది చేతిపని, వాటిని ఒకటిగా కలిపేవాళ్లది అతుకుపని. ఏజెంటు దారం ఇచ్చి వెళ్లి, మళ్లీ వచ్చి అల్లిక పట్టుకెళ్లేవాడు. అది ఏ దేశంలో ఎవరి ఒంటి మీదికి చేరుతుందో మా వీధిలో ఎవరికీ తెలియదు.

తెల్ల పెళ్లిగౌను కథ ఎక్కడ మొదలెట్టినా విక్టోరియా రాణి దగ్గరికే చేరుతుంది. 1840 ఫిబ్రవరి 10న లండన్‌లో ఆల్బర్ట్‌ని పెళ్లాడినప్పుడు ఆమె రాచ అంగీలు, కిరీటం పక్కన పెట్టి, మీగడ తెలుపు శాటిన్ గౌను వేసుకుంది. తలమీద నారింజ పూల వలయం. శాటిన్ స్పిటల్‌ఫీల్డ్స్ మగ్గాలది, లేసు డెవన్ జిల్లా హానిటన్ రకానిది. అప్పటికే యంత్రాలు వల అల్లేస్తున్నాయి, చేతిలేసుకి గిరాకీ పడిపోయింది. సొంత దేశపు పనివాళ్ల సరుకు తాను కట్టుకుంటే నలుగురూ కడతారని రాణి ఉద్దేశం. నాకు ఆ పెళ్లిలో అన్నిటికన్నా నచ్చే సంగతి ఇదే. ఆ లేసు బాగా కనిపించడానికే గౌను అంత సాదా తెలుపులో కుట్టించారని నా నమ్మకం.

ఆ లేసులో చాలా భాగం అల్లింది బీర్ అనే చిన్న పల్లె. సముద్రపు ఒడ్డు, మగవాళ్లు చేపలవేటకి పోయేవారు, ఆడవాళ్లు లేసు పట్టుకుని కూర్చునేవారు. మా వైపు కొక్కెం సూది ఒక్కటే సాధనం. అక్కడ గట్టి దిండు ఒళ్లో పెట్టుకుని, నమూనా మీద గుండుసూదులు గుచ్చి, సన్నని దారం చుట్టిన పుల్లల్ని జతలుజతలుగా అటూఇటూ దాటిస్తూ అల్లుతారు. ఆకులు, పువ్వులు విడివిడిగా చేసి, చివర్న వల మీద కుడతారు. పద్ధతి వేరు గాని అక్కడా అదే చేతిపని, అదే అతుకుపని. రాణి లేసుకి 200 మందికి పైగా పనిచేశారు. ఇంకెవరూ అలాంటిది చేయించుకోకుండా ఆ నమూనాలు తర్వాత నాశనం చేశారంటారు. అది చదివినప్పుడు నా కడుపు కలుక్కుమంది. నమూనా అంటే అల్లేవాళ్లకి ఆస్తి.

తెలుపుకి పవిత్రత అనే అర్థం గట్టిగా అంటుకున్నది ఆ తర్వాతే. 1849లో, అంటే తొమ్మిదేళ్లకే, అమెరికాలో పేరున్న ‘గోడీస్ లేడీస్ బుక్’ పత్రిక పెళ్లికి తెలుపే తగినదని, అనాదిగా వస్తున్న ఆచారమని రాసేసింది. నిజానికి అంతకుముందు పెళ్లికూతుళ్లు నీలం, ఎరుపు, గోధుమ, ఉన్నవాటిలో మంచిది కట్టుకునేవారు, తర్వాత ఆదివారాలు అదే వాడుకునేవారు. మాసిపోయే తెల్లబట్ట ఒక్కరోజు కోసం కొనడం కలిగినవాళ్లకే చెల్లింది. 1558లో స్కాట్లండ్ రాణి మేరీ పారిస్‌లో తెల్లబట్టలతో పెళ్లాడింది. ఫ్రాన్స్ రాణులకి అప్పట్లో తెలుపు వైధవ్యపు రంగు. రెండేళ్లకే ఆమె భర్త పోయాడు.

ఈ మాట మనవాళ్లకి విడమర్చి చెప్పక్కర్లేదు. మా నాయనమ్మ తెల్లచీరలోనే పోయింది. అదే వీధిలో క్రైస్తవుల పెళ్లికూతురు తెల్లచీరతో చర్చికి వెళుతుంటే అరుగు దిగి మరీ చూసేది. మన మధుపర్కాలు మాత్రం తెలుపేగా! ఎర్రంచు, పసుపు తగలగానే అది మంగళకరం అయిపోతుంది.

మా గోదావరి తీరానికి లేసు నేర్పింది 19వ శతాబ్దంలో వచ్చిన మాక్రే అనే మిషనరీ దంపతులని చెప్పుకుంటారు. 1982లో మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు నరసాపురం లేసు ఆడవాళ్ల మీద పుస్తకం రాసింది. ఎగుమతి సరుకు తయారుచేస్తున్న వీళ్లని ఇంట్లో ఊరికే కూర్చునే గృహిణులుగా లెక్కగట్టడం వల్లే కూలి అంత తక్కువని తేల్చింది. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. అమ్మ కళ్లు మాత్రం అప్పటికే సూదికి అందనంత మసకబారాయి.

పెళ్లి నుంచి వస్తూ కారులో ఇదంతా అమ్మకి చెప్పాను. ఆల్బర్ట్ పోయాక రాణి నలభై ఏళ్లు నల్లబట్టలే కట్టిందని, ఆ నలుపు మీద కూడా పెళ్లినాటి తెల్ల లేసు వేసుకునేదని, 1901లో ఆమెని ఆ ముసుగుతోనే సమాధి చేశారని.

“అంత పనీ మట్టిలోకేనా?” అంది అమ్మ.

స్టీమర్ రోడ్డు దాటేదాకా మాట్లాడలేదు. తర్వాత అడిగింది.

“రెండొందల మంది అన్నావు కదా, మనిషికి ఎంత ఇచ్చారే?”