మారుమనస్సు, పశ్చాత్తాపం: ఆగమనకాల పదవిచారం

క్రిస్మస్‌కు ముందరి ఆగమనకాలపు పఠనాలలో బాప్తిస్మమిచ్చు యోహాను పిలుపుది ప్రధాన స్థానం. మత్తయి సువార్త 3వ అధ్యాయంలోని ఆ పిలుపులో గ్రీకు 'మెటనోయా' భావానికి ప్రొటెస్టెంటు సంఘాల తెలుగు బైబిలు 'మారుమనస్సు' అన్న మాటను ఎంచుకున్నది. లాటిన్ 'పెనిటెన్షియా' ఆ భావాన్ని ప్రాయశ్చిత్తకర్మ వైపు ఒరిగించింది. ఎరాస్మస్, లూథర్‌ల అభ్యంతరం అక్కడే. తెలుగు ప్రసంగాలలో మారుమనస్సు, పశ్చాత్తాపం తరచుగా పర్యాయపదాలవుతాయి. అనువాదకులు ఇంతకంటే జాగరూకులు. 27వ అధ్యాయంలో యూదా విషయంలో మూలం 'మెటమెలోమై' అనే వేరే క్రియను వాడగా, వారు పశ్చాత్తాపమన్నారు. యూదా వగచాడు, 30 వెండి నాణేలు తిరిగి ఇచ్చాడు, ఉరివేసుకున్నాడు. ఆ తాపం గడచినదాని వద్దనే ఆగింది. లూకా సువార్తలో యోహాను సుంకరులను విలపించమనలేదు. విధించిన మొత్తాన్ని మించి వసూలు చేయవద్దన్నాడు.