పులికాటు గాలిలో ఒక ప్రశ్న

గత ఆదివారము మా అక్క కొడుకు, ఉద్యోగమునఁ జేరి ఇంకను ఏడాదియైన నిండనివాడు, మా ఇంటి అరుగుపై కూర్చుండి, "మామా, నాకు బండి సరిపోతాదంటావా? అమ్మేమో వద్దంటా ఉండాది" అని అడిగెను. బండి ధర యెంత, మైలేజి యెంత అని విచారించువారిని వందలమందిని చూచితిని గాని, తాను దానికి తగుదునా యని అడిగినవానిని చూచుట నాకిదియే మొదలు.

చట్టము కోరునది స్వల్పము. గేరు బండికి 18 ఏండ్ల వయస్సు, ఎల్లెల్లార్, అనగా నేర్చుకొనువారి లైసెన్సు, చేతికి వచ్చిన పిదప 30 దినముల గడువు, ఆపైని మైదానములో కాలు నేల మోపక వేయవలసిన ఒక ఎనిమిది. ఆ ఎనిమిదిని నేను చిన్నచూపు చూడను. క్లచ్చును సగము పట్టి, మెల్లగ, తూలక తిరుగుట నిజముగ విద్యయే. కాని ఆ ఎనిమిదిలో గాలి లేదు, అడ్డమువచ్చు గేదె లేదు, వెనుకనుండి హారను మ్రోయించు లారీ లేదు.

అందుచేత వానికొక హెల్మెట్ పెట్టి, వెనుక కూర్చుండబెట్టుకొని శ్రీహరికోట దారి పట్టితిని. మా ఊరి చెంగాళమ్మ గుడికి దండము పెట్టుకొని ఊరు దాటినంతనే, ఇరుప్రక్కల పులికాటు సరస్సు తప్ప చెట్టుగాని గోడగాని లేక తిన్నగ తూర్పునకు సాగు ఆ దారిలో, ఈశాన్యపు గాలి వీచు ఈ దినములలో, మనిషికిని బండికిని గల పొత్తు యెట్టిదో దాచుటకు వీలుండదు. అటకానితిప్ప వరకు పోయి మరలినప్పుడు గాలి కుడివెనుకనుండి త్రోయుచుండెను. దానికి తగినట్లు నేను కొంచెము కుడికి ఒరగి నడుపుచుంటిని. ఎదురుగ ఒక బస్సు వచ్చి మా ప్రక్కగ పోవునంతసేపు ఆ గాలి చటుక్కున ఆగిపోవును. అదివరకు గాలిపై ఆనియున్న బండి బస్సువైపే ఒరుగును. బస్సు దాటినంతనే గాలి మరల వచ్చి ఎడమకు, నీటివైపునకు కొట్టును. ఆ రెండు మూడు క్షణములలో భయపడినవాడు హ్యాండిలును బిగించి పట్టును, బిగించినకొలది బండి తొట్రిలును. మోకాళ్లతో ట్యాంకును అదిమి, మోచేతులు వదులుచేసి, బస్సు ఇంకను దూరముననుండగనే వేగము తగ్గించి, ఎడమకు కొంచెము జరిగి, చూపును దూరముగ దారిపైననే నిలుపవలెను. నీటిలో బారులుతీరి నిలిచిన రాజహంసలను చూడవలెనన్న బండి ఆపి చూడవలసినదే.

నేను నేర్చిన మొదటి యేట, ఒక మలుపులో ఇసుకపై ముందు బ్రేకును గట్టిగ పట్టి పడితిని. బండి నాపునది ముఖ్యముగ ముందు బ్రేకే యని యెరుగుదును; ఇసుకపై అదియే చక్రమును జార్చునని ఆనాడు అరచేతి చర్మముతో తెలిసికొంటిని. ధైర్యము చాలక పడలేదు. ఆలస్యమైనదను తొందరలో పడితిని.

మా ఊరివారికి ఆగుట యనగా నేమో వేరుగ చెప్పనక్కరలేదు. 2019 జూలై 15 తెల్లవారుజామున శ్రీహరికోటనుండి చంద్రయాన్-2 ఎగురుటకు 56 నిమిషములు మిగిలియుండగా, లోపము కనబడెనని ప్రయోగమును నిలిపివేసిరి. చూడవచ్చిన జనము నిద్రకండ్లతో మరలిపోయిరి. 22వ తేదీన అదే నౌక చక్కగ ఎగిరెను. కంటిమీద నిద్రయున్ననాడు, ఇంట మాటపట్టింపు జరిగిననాడు, కుండపోతగ వాన కురియునాడు తాళపుచెవి గూటిలోనే యుంచి, లోకల్ రైలెక్కగలవాడే బండికి తగినవాడని నా నమ్మకము. అట్లు ఆగలేనివాని చేతులెంత నేర్పుగలవైనను వానికి బండి కొనియిమ్మని నేను ఏ తల్లితోను చెప్పజాలను.

ఈ మాటలన్నియు మావానితో చెప్పవలెననుకొంటిని గాని, చెప్పలేదు. ఇంటిముందు దిగి, హెల్మెట్ పట్టీ విప్పుకొనుచు వాడే, "మామా, ఆ బస్సు అంత దూరాన ఉండంగానే యాక్సిలరేటర్ తగ్గించేశావే, ఎందుకు?" అని అడిగెను. హంసల మాట ఎత్తనేలేదు.

ఆ రాత్రి అక్కకు ఫోను చేసి, వాడు ఎల్లెల్లార్‌కు పోవచ్చుననియు, హెల్మెట్ మాత్రము నేనే కొనిపెట్టెదననియు చెప్పితిని.