పక్క కుర్చీలో ఎవరున్నారు?

కొత్తగా వ్యాపారం పెట్టినవాళ్లను పెద్ద కష్టాలకన్నా చిన్న ప్రశ్నలే ఎక్కువ తినేస్తాయి. పెట్టుబడి ఎలా తేవాలి, పోటీని ఎలా తట్టుకోవాలి అని ఉపన్యాసం ఇచ్చేవాళ్లు వీధికొకరు దొరుకుతారు. కరెంట్ ఖాతాకు ఏ కాగితాలు పట్టుకెళ్లాలి, పొట్లం మీద ఏమేం అచ్చు వేయించాలి, సరుకు తీసుకుని రెండు నెలలుగా డబ్బివ్వని షాపువాడితో తగువు పడకుండా ఎలా మాట్లాడాలి... ఇవి అడగడానికే మనిషి దొరకడు. ఆడిటర్ దగ్గరకెళ్లడానికి మొహమాటం. ఇంట్లో అడిగితే ఉద్యోగం చూసుకోమంటారు. ఫోన్లో వెతికితే పది రకాల జవాబులు, అందులో ఏది మనకు వర్తిస్తుందో తెలియదు. ఒక్కో ప్రశ్న దగ్గర రోజుల తరబడి ఆగిపోయి, ఆ ఆగిపోవడంలోనే ఉత్సాహం చల్లారిన కుర్రాళ్లు మా చోడవరం చుట్టుపక్కల ఊళ్లలో చాలామంది ఉన్నారు.

మా వైపు వ్యాపారం అనగానే మొదట తట్టేది బెల్లం. చెరకు పొలాలున్నాయి, గోవాడ చక్కెర కర్మాగారం పేరుంది, పక్కనే అనకాపల్లి బెల్లం మార్కెట్టు ఉంది. కాబట్టి ఇంజినీరింగ్ చదివిన పిల్లలకు పొడి బెల్లం ప్యాకెట్లు చేసి ఆన్‌లైన్లో అమ్ముదామన్న ఆలోచన రావడం సహజం. దిగాక తెలుస్తుంది లోతు. దిమ్మను విడిగా అమ్మితే జీఎస్టీ లేదు. అదే బెల్లాన్ని పొట్లం కట్టి లేబుల్ అంటిస్తే 2022 జులై 18 నుంచి 5 శాతం. మరి జీఎస్టీ నంబరు తీసుకోవాలా? మన రాష్ట్రంలోనే అమ్ముతూ, ఏడాది అమ్మకం 40 లక్షలు దాటకపోతే, ఆన్‌లైన్ అంగళ్ల ద్వారా అమ్మినా నంబరు అక్కర్లేదు. 2023 అక్టోబరు 1 నుంచి పోర్టల్లో పాన్‌తో ఎన్‌రోల్ చేసుకుంటే సరిపోతోంది. హైదరాబాద్‌లో ఉన్న కొనుగోలుదారుకు ఒక్క కిలో పంపాలనుకున్నారా, అది వేరే రాష్ట్రం, అప్పుడు రిజిస్ట్రేషన్ తప్పదు. తెలిసినవాళ్లు రెండు నిమిషాల్లో చెప్పే సంగతి ఇది. తెలియనివాళ్లకు నెల పడుతుంది.

కోవర్కింగ్ మీద నాకు నమ్మకం కుదిరింది ఈ రెండు నిమిషాల వల్లే. ఒకే హాల్లో నాలుగైదు చిన్న కంపెనీలు, నెలకు కుర్చీకింత అని అద్దె, అందరికీ కలిపి ఒక ఇంటర్నెట్, ఒక ప్రింటరు, ఒక మీటింగ్ గది. ఏర్పాటు అంతే. అద్దె కలిసొస్తుందని చేరతారు. చేరాక దొరికేది వేరే ఉంది.

విశాఖ మధురవాడలో అలాంటి చోట కొన్నాళ్లు నేనూ కూర్చుని రాసుకున్నాను. ఓ వానాకాలం రావికమతం వైపు కుర్రాడొకడు మొహం వేలాడేసుకుని వచ్చాడు. పంపిన పొడి బెల్లం ప్యాకెట్లు పది పదిహేను రోజులకే లోపల చెమ్మగిల్లి గడ్డ కట్టి, వాపసు వచ్చేస్తున్నాయి. తప్పు బెల్లానిదే అనుకుని అప్పటికే గానుగ మార్చేశాడు, రైతుతో మాటలు కూడా పడ్డాడు. అతని పక్క టేబుల్ దగ్గర ఒకావిడ క్లినిక్కుల అపాయింట్‌మెంట్ల కోసం సాఫ్ట్‌వేర్ తయారు చేసుకుంటోంది. అంతకుముందు పరవాడలో ఓ మందుల కంపెనీ ప్యాకింగ్ విభాగంలో పనిచేసింది. ఆమె ఒక ప్యాకెట్ తీసుకుని వంటగది వైపు నడిచింది. బకెట్లో నీళ్లు పట్టి, ప్యాకెట్‌ను ముంచి, రెండు చేతులతో మెల్లగా నొక్కింది. సీలు మూల నుంచి సన్నగా బుడగలు బయలుదేరాయి.

"చూశావా తమ్ముడూ, గాలి పోతోంది. గాలి పోయే దారిలోనే చెమ్మ వస్తుంది. బెల్లంలో తప్పేం లేదు."

"మిషన్ కొత్తదే అక్కా."

"మిషన్ కాదు. పొడి పోసేటప్పుడు కవరు నోటికి అంటుకుంటోంది. అంటుకున్నచోట సీలు పట్టదు. పోశాక నోరు లోపల తుడిచి అప్పుడు వెయ్యి. పొడి వేడి మీదే పోస్తున్నావా?"

"గోరువెచ్చగా ఉన్నప్పుడే పోసేస్తున్నానక్కా."

"అదీ ఒకటి. ఆవిరి లోపలే నీరవుతుంది. పూర్తిగా చల్లారనివ్వు."

ఆమె వెళ్లి తన పనిలో కూర్చుంది. ఇదే సలహా ఏ కన్సల్టెంట్ దగ్గరో దొరికేదేమో కానీ, ఈ కుర్రాడికి అసలు తన ఇబ్బంది ప్యాకింగ్‌ది అని తెలిస్తే కదా ప్యాకింగ్ కన్సల్టెంట్‌ను వెతకడానికి! తన ప్రశ్న ఏమిటో తనకే తెలియనివాడికి పక్కన మనిషి ఉండాలి. మొహం చూసి "ఏమైంది?" అని అడిగే మనిషి.

పక్కన అన్నప్పుడు నిజంగా పక్కనే అని అర్థం. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌కు చెందిన మరియా రోషే, మరో ఇద్దరు పరిశోధకులు కలిసి అమెరికాలోని ఒక పెద్ద కోవర్కింగ్ భవనంలో 251 స్టార్టప్‌లను పరిశీలించారు. ఎవరు ఏ వెబ్ సాంకేతికతను పక్కవాళ్లను చూసి అందిపుచ్చుకుంటున్నారో లెక్క తీశారు. ఒకే అంతస్తులో 20 మీటర్లకు మించి దూరం ఉంటే, వేరే అంతస్తులో ఉన్నట్టే లెక్క. అంతకన్నా నన్ను పట్టి ఆపింది ఇంకొకటి. నేర్చుకోవడం ఎక్కువగా జరిగింది ఒకే రకం కంపెనీల మధ్య కాదు, వేర్వేరు రకాలవై ఉండి, కలిసి కూర్చుని కబుర్లు చెప్పుకునేవాటి మధ్య. బెల్లం కుర్రాడు, క్లినిక్కుల అక్క గుర్తొచ్చారు నాకు. ఇద్దరూ బెల్లం వ్యాపారులే అయితే ఆ బకెట్ పరీక్ష ఇద్దరికీ తెలిసి ఉండేది కాదు.

తోటివాళ్లుంటే చాలా అంటే, చాలదు. బస్సు టికెట్లు ఆన్‌లైన్లో అమ్మే రెడ్‌బస్ సంగతే చూడండి. 2005 దీపావళికి బెంగళూరు నుంచి ఇంటికి రావడానికి బస్సు టికెట్ దొరక్క ఆగిపోయిన మన తెలుగు కుర్రాడు ఫణీంద్ర సామకు వచ్చిన ఆలోచన అది. బిట్స్ పిలానీలో చదివిన స్నేహితులంతా ఒకే ఇంట్లో ఉంటూ, తలో కంపెనీలో ఉద్యోగం చేసుకునేవాళ్లు. రాత్రిళ్లు, శని ఆదివారాలు కూర్చుని పని మొదలుపెట్టారు. పేరు లేకపోయినా ఆ ఇల్లు కోవర్కింగే. ప్రోగ్రాం రాయడంలో ఒకరికొకరు తోడు. కానీ ఎలక్ట్రానిక్స్ చదివిన ఆ కుర్రాళ్లలో వ్యాపారం చేసి ఎరిగినవాడు లేడు. ఆ లోటు తీరింది టై అనే పారిశ్రామికవేత్తల సంఘం బెంగళూరు శాఖ వాళ్లను తన శిక్షణకు ఎంచుకుని, అనుభవజ్ఞుల్ని పక్కన కూర్చోబెట్టాకే. 2006 ఆగస్టులో రెడ్‌బస్ మొదలైంది, 2007లో సీడ్‌ఫండ్ పెట్టుబడి వచ్చింది, 2013లో ఐబిబో గ్రూపు కొనుక్కుంది. ఈడువాళ్లు ఈ పూట చిక్కు విప్పుతారు. పెద్దవాళ్లు వచ్చే ఏడు పడబోయే గొయ్యి చూపిస్తారు. ఒకే గదిలో ఇద్దరూ ఉండాలి.

హైదరాబాద్‌లో స్టార్టప్‌ల కోసం 2015 నవంబరు 5న టీ-హబ్ తెరిచినప్పుడు చేసిన మంచి పని అదే. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ ఆవరణలో, ప్రొఫెసర్లకూ విద్యార్థులకూ నడిచివెళ్లే దూరంలో పెట్టారు. 2022 నవంబరు 18న స్కైరూట్ రాకెట్ విక్రమ్-ఎస్ ఎగిరింది. ఎనిమిది రోజులకు ధ్రువ స్పేస్ ఉపగ్రహాలు రెండు పీఎస్‌ఎల్‌వీ మీద వెళ్లాయి. రెండూ టీ-హబ్ నీడన ఎదిగిన కంపెనీలే, స్కైరూట్ స్థాపకుల్లో పవన్ కుమార్ చందన మన విశాఖవాడు. మన రాష్ట్రంలో కూడా మంగళగిరిలో 2025 ఆగస్టులో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ తెరిచారు, విశాఖలోనూ దాని శాఖ ఉంది. సంతోషమే. చోడవరం కుర్రాడు మాత్రం సబ్బవరం మీదుగా బస్సెక్కి రోజూ విశాఖ వెళ్లిరాలేడు. 20 మీటర్లు దాటితే పక్కవాడే దూరమవుతున్నప్పుడు, 50 కిలోమీటర్ల అవతల ఎంత గొప్ప హబ్ ఉంటే మాత్రం ఏం లాభం?

పక్కవాడి దగ్గర నేర్చుకోవడం మా ఊళ్లో కొత్త సంగతి కాదంటాను. చెరకు గానుగ దగ్గర తన వంతు కోసం వచ్చిన రైతు ఊరికే కూర్చోడు. ఎదుటివాడి పెనంలో పాకం చూస్తాడు, నీళ్లలో చుక్క వేసి ఉండ కడుతోందో లేదో తనూ చేత్తో నలిపి చూస్తాడు, సున్నం ఎక్కువైందని మొహం మీదే చెప్తాడు. పెనం ఎవరిదైనా పాకం చెడిపోతుంటే చూస్తూ ఊరుకోడు.

మరి చోడవరంలో అలాంటి హాలు ఎందుకు లేదంటే, కోవర్కింగ్ అనగానే మనకు అద్దాల మేడ, రంగురంగుల సోఫాలు, కాఫీ మిషను కళ్లముందు కదులుతాయి. అది అద్దె వ్యాపారం. 2010లో న్యూయార్క్‌లో పుట్టిన వీవర్క్ ఆ మేడల్ని ప్రపంచమంతా పరిచి, 2019 మొదట్లో 47 బిలియన్ డాలర్ల కంపెనీ అనిపించుకుని, 2023 నవంబరులో అమెరికాలో దివాలా రక్షణ కోరింది. అసలీ పద్ధతి మొదలైన తీరు వేరు. 2005 ఆగస్టు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో బ్రాడ్ న్యూబర్గ్ అనే ప్రోగ్రామర్ ఒక చిన్నచోట వారానికి రెండు రోజులు బల్లలు వేశాడు. మధ్యాహ్నం కలిసి భోజనం, పొద్దుగూకేముందు మూసేయడం. మొదటి నెల ఒక్కరూ రాలేదు. అయినా తెరిచే ఉంచాడు.

మనకు అంతకన్నా ఎక్కువ అక్కర్లేదు. మార్కెట్‌కు దగ్గర్లో ఓ మేడ మీద హాలు, తెగిపోని ఇంటర్నెట్, కరెంటు పోతే ఇన్వర్టరు, పది కుర్చీలు. జీఎస్టీకి చిరునామా చూపించుకోవడానికి ఆ హాలు యజమాని ఇచ్చే ఒప్పంద పత్రం. ఇది చిన్నగా కనిపించే పెద్ద సాయం, ఎందుకంటే అద్దెంట్లో ఉండే కుర్రాడికి ఇంటి ఓనరు ఆ కాగితం ఇవ్వడు. వారానికి ఒక పూట ఓ ఆడిటర్, ఓ పూట చక్కెర కర్మాగారంలో పనిచేసి రిటైరైన రసాయన నిపుణుడు, ఓ పూట అనకాపల్లి మార్కెట్లో ముప్ఫై ఏళ్లుగా ధరలు చూసిన వ్యాపారి వచ్చి కూర్చుంటే చాలు. వాళ్లు మైకు పట్టుకోకూడదు. తమ పని తాము చేసుకుంటూ, అడిగితే చెప్పాలి.

ఆలోచన ఎవరైనా ఎత్తుకుపోతారేమో అన్న భయం ప్రతివాళ్లకూ ఉంటుంది, తల్లిదండ్రులకు ఇంకా ఎక్కువ. పొడి బెల్లం అమ్మాలన్న ఆలోచన ఇప్పటికే వెయ్యిమందికి వచ్చింది. ప్యాకెట్ నోరు తుడిచి సీలు వేసే ఓపిక ఎందరికి ఉందన్నదే లెక్క. దాచుకోవలసినవి ఉంటే కొనుగోలుదారుల జాబితా, ధరల ఒప్పందాలు దాచుకోవచ్చు. మిగతాది పైకి మాట్లాడినవాడికే మేలు.

హాలు దొరుకుతుంది. బల్లలు ఎవరో ఒకరు ఇస్తారు. దొరకనిది రోజూ తొమ్మిదింటికి తాళం తీసి, కొత్తగా వచ్చినవాడి పేరూ పనీ కనుక్కుని, "ఆ కిటికీ దగ్గరాయన్ని అడుగు, ఆయనకు తెలుసు" అని తీసుకెళ్లి కూర్చోబెట్టే మనిషి. ఆ మనిషికి నెల జీతం ఎవరివ్వాలన్నది ముందు తేలాలి. కుర్చీల అద్దెలోంచి అయితే రాదు, మొదటి ఏడాది అసలే రాదు. చోడవరంలో చదువుకుని హైదరాబాద్, బెంగళూరు, అమెరికాల్లో స్థిరపడినవాళ్లు గుళ్లకూ బళ్లకూ చందాలు పంపుతూనే ఉన్నారు. వాళ్లను నేను అడుగుతున్నది ఆ ఒక్క జీతం, రెండేళ్లపాటు.