వ్యాసుడి కోపం, అవతలి గట్టు

మంత్రశక్తుల కథలు రాసే కుర్రవాళ్లు ఈమధ్య తరచూ తారసపడుతున్నారు. చాలా కథల్లో ఒకటే ఏర్పాటు. ప్రేమ, దయ, శాంతం నుంచి ఒక శక్తి పుడుతుంది. కోపం, పగ, అసూయల నుంచి ఇంకో శక్తి. కథానాయకుడు రెండింటినీ సమపాళ్లలో నిలుపుకుని మహాబలుడవుతాడు. శక్తిని ఇలా రెండు పక్షాలుగా చీల్చడం 1977 నాటి ‘స్టార్ వార్స్’ సినిమా ప్రపంచమంతటికీ అలవాటు చేసిన పద్ధతి. అక్కడ కోపం వస్తే బలం పెరుగుతుంది. మన కథల్లో మునికి కోపం వస్తే ఉన్న బలం కరిగిపోతుంది. మంత్రకథ రాయబోయే తెలుగువాళ్లు కలం పట్టకముందే ఈ రెండింటిలో ఏదో ఒకటి తేల్చుకోవాలి.

ద్రాక్షారామం వెళ్లినప్పుడల్లా నాకు వ్యాసుడు గుర్తొస్తాడు. రాజమహేంద్రవరం రెడ్డిరాజుల మంత్రి బెండపూడి అన్నయకు శ్రీనాథుడు అంకితమిచ్చిన భీమఖండంలో ఉంది ఆ కథ. బళ్లో ‘భిక్ష’ పాఠంగా చదువుకున్నవాళ్లూ ఉంటారు. కాశీలో వ్యాసుడికి ఏ గడపలోనూ భిక్ష పుట్టదు. శిష్యులకు పెట్టకుండా తాను ముద్ద ముట్టని నియమం ఆయనది. పస్తులుండి ఉండి చివరికి కాశీనే శపించబోతాడు. అప్పుడు ఒక ఇల్లాలు ఆయన్ని పిలిచి, నాలుగు మాటలు గట్టిగానే అని, శిష్యులందరితో కలిపి విస్తరి వేసి అన్నం పెడుతుంది. ఆవిడ పార్వతి. కడుపు నిండాక శివుడు మాత్రం వదల్లేదు, కాశీ విడిచి పొమ్మన్నాడు. ఆ బాధతోనే ఆయన దక్షిణానికి వచ్చి ద్రాక్షారామంలో మన భీమేశ్వరుణ్ని సేవించుకున్నాడు.

ఈ కథలో నన్ను కట్టిపడేసేది కోపం పుట్టిన చోటు. తన ఆకలి ఒక్కటే అయితే ఆ మహానుభావుడు ఓర్చుకునేవాడని నాకనిపిస్తుంది. వెనకాల పిల్లలు మాడుతున్నారు. వాళ్ల మీది మమకారమే శాపమై నాలుక చివరిదాకా వచ్చింది. మంచీ చెడూ రెండు గదుల్లో పెట్టి తాళం వేసే కథకుడికి ఇలాంటి వ్యాసుడు ఎప్పటికీ దొరకడు. పైగా శాపం నోరు దాటనే లేదు, అయినా మూల్యం వసూలైపోయింది. ఆ మూల్యమే కథని కాశీ నుంచి గోదావరి ఒడ్డుకు నడిపించింది.

దీని పక్కన విశ్వామిత్రుణ్ని పెట్టి చూడండి. రంభను శపించి తపస్సంతా పోగొట్టుకున్నాక ఇక కోప్పడనని, నోరే విప్పనని పట్టుబట్టాడు. వెయ్యేళ్ల వ్రతం ముగిసి అన్నం ముందు కూర్చునేసరికి ఇంద్రుడు బ్రాహ్మడి వేషంలో వచ్చి ఆ అన్నం అడిగాడు. ఉన్నదంతా పెట్టేసి, పల్లెత్తు మాట అనకుండా మళ్లీ తపస్సులోకి వెళ్లిపోయాడాయన. ఇద్దరు మునులు, ఇద్దరికీ ఆకలే. ఆ క్షణాన ఎవరేం చేశారన్నదే అసలు కథ.

శక్తికి సొంతంగా రంగు ఉండదని ‘పాతాళభైరవి’ (1951) సినిమా చెప్పినంత సూటిగా మరేదీ చెప్పలేదు. మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథల్లో దాని మూలం ఉందంటారు. బలి ఇచ్చినవాడికి అమ్మవారు వరమిస్తుంది, అతని మనసెలాంటిదో అడగదు. కథానాయకుడు తోటరాముడి చేతిలో ఉంటే రాముడి మాట, మాంత్రికుడి చేతిలో పడితే మాంత్రికుడి మాట వింటుంది ఆవిడ ఇచ్చిన బొమ్మ.

కోనసీమ కుర్రాడొకడు నవల రాస్తున్నాడు. అందులో పిల్లది గోదావరి పాయల మధ్య లంక ఊరు, నీళ్లు ఆమె మాట వింటాయి. శాంతంగా ఉంటే ఏరు నెమ్మదిస్తుంది, కోపమొస్తే వరద. ధ్యానం చేసి రెండింటినీ సమం చేసుకుంటుందని రాశాడు.

ఈ మునుల కథలు చెబితే, “అయితే మా పిల్ల కోప్పడకూడదంటారా అండీ?” అన్నాడు.

“కోప్పడనీ నాయనా. ముందు ఆమె ప్రేమకి ఖరీదు కట్టు. మీ ఊరి దగ్గర నదికోత చూశావుగా?” అన్నాను.

చూడకేం. కొబ్బరిచెట్లు వేళ్లతో సహా ఏట్లోకి ఒరగడం చూస్తూ పెరిగాడు. ఒక ఒడ్డున రాళ్లు పోసి ఏట్లోకి చొచ్చుకొచ్చే గట్టు (గ్రోయిన్) కడితే ప్రవాహం మళ్లి అవతలి ఒడ్డును కోసే ప్రమాదం ఉందని వాళ్ల ఊళ్లో ముసలివాళ్లకు తెలుసు. ఆ పిల్ల తన ఊరిని ప్రాణంగా ప్రేమించి నీటిని ఆపుతుంది. ఆపిన ప్రతిసారీ ఎదుటి లంకలో ఎవరిదో చేను జారిపోతుంది. ఇందులో కోపం చుక్కైనా లేదు, అయినా అవతల ఒక ఇంటివాళ్ల చేను పోయింది. ఆ ఇంటివాళ్ల కోపం దుష్టశక్తి అని ఏ ముఖం పెట్టుకుని రాస్తాం?

కాసేపు మాట్లాడలేదు కుర్రాడు. తర్వాత, అవతలి లంక నుంచి ఒక ముసలావిడ పడవెక్కి ఈ పిల్లని వెతుక్కుంటూ వస్తుందన్నాడు. మొదటి అధ్యాయం ఆవిడతోనే మొదలుపెట్టమన్నాను.