ఎండకు నిలిచే బ్యాటరీ

అబుదాబి ఎమిరేట్‌లోని స్వైహాన్‌లో 2025 మే నెలలోనే ఉష్ణోగ్రత 51.6 డిగ్రీలకు చేరింది. మామూలు లిథియం అయాన్ బ్యాటరీని 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జ్ చేయొద్దని తయారీదారులే చెబుతారు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఎడారిలో సైనికుడి రేడియో, జీపీఎస్, నైట్ విజన్ పరికరం దేన్ని నమ్ముకోవాలన్న ప్రశ్న ఎంత పెద్దదో అర్థమవుతుంది. యూఏఈలో 2014 నుంచి యువకులకు సైనిక సేవ తప్పనిసరి. అంటే ఈ బ్యాటరీల సంగతి ఎన్నో ఇళ్ల పిల్లలు వీపున మోసే బరువు సంగతి కూడా. ఆ బరువు తగ్గాలంటే అన్ని పనులూ ఒకే రసాయనంతో చేయించాలన్న పట్టు వదిలి హైబ్రిడ్ బ్యాటరీలవైపు మళ్లాలన్నది నా వాదన.

చేతి రేడియో వింటున్నంతసేపు కరెంటు కొద్దిగానే తీసుకుంటుంది. మాట్లాడటానికి మీట నొక్కగానే అవసరం ఎన్నో రెట్లు పెరుగుతుంది. లిథియం కార్బన్ ఫ్లోరైడ్ సెల్ తక్కువ బరువులో ఎక్కువ శక్తి దాచుకుంటుంది, వేడికి ఓర్చుకుంటుంది, ఏళ్ల తరబడి నిల్వ ఉంటుంది. కానీ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు అడిగితే ఇవ్వలేదు. పక్కన చిన్న లిథియం అయాన్ సెల్‌నో, సూపర్ కెపాసిటర్‌నో జోడిస్తే ఆ లోటు తీరుతుంది; హైబ్రిడ్ అంటే ఈ జోడీయే. బోరు సన్నధారతో రోజంతా మిద్దె మీది ట్యాంకు నింపితే, కుళాయి తిప్పినప్పుడు నీళ్లు జోరుగా వచ్చినట్టే ఇదీ.

లిథియం అయాన్ బ్యాటరీలే మరికొన్ని మోసుకెళ్తే సరిపోదా అంటారు. 2008లో అమెరికా రక్షణ శాఖ పెట్టిన వేరబుల్ పవర్ పోటీ నియమాల్లోనే దీనికి జవాబుంది: సగటున 20 వాట్లు, 96 గంటలు, బరువు 4 కిలోల లోపు. అంటే 1,920 వాట్-అవర్లు. కిలోకు 200 వాట్-అవర్లిచ్చే లిథియం అయాన్‌తో లెక్క వేస్తే 9.6 కిలోలవుతుంది. ఆ పోటీలో మొదటి బహుమతి మిథనాల్ ఫ్యూయల్ సెల్‌తో వచ్చిన జట్టుకు దక్కింది.

అలాగని అక్కడ గెలిచినదాన్ని తెచ్చి ఇక్కడ వాడేయలేం. ఫ్యూయల్ సెల్‌కు గాలి కావాలి, ఎడారి గాలిలో దుమ్ము ఉంటుంది. గాలితోనే పనిచేసే జింక్-ఎయిర్ సెల్ కూడా తీరానికి దూరంగా ఉన్న ఎడారి పొడిగాలికి ఎండిపోతుంది, తీరప్రాంతపు ఉక్కపోతలో తేమ పీల్చుకుంటుంది. యూఏఈలో ఈ రెండు వాతావరణాలూ ఉన్నాయి. అందుకే ఇక్కడి ఎండకు, దుమ్ముకు, తేమకు తగిన జోడీని ఇక్కడే రూపొందించాలి. ఖలీఫా యూనివర్సిటీ, 2020లో ఏర్పడిన టెక్నాలజీ ఇన్నోవేషన్ ఇన్‌స్టిట్యూట్ లాంటి సంస్థలున్న దేశానికి అది అందని పని కాదు.

రెండు రసాయనాలు కలిపితే సర్క్యూట్ పెరుగుతుంది, పాడయ్యే చోట్లూ పెరుగుతాయన్న అభ్యంతరం న్యాయమైనదే. ఒక భాగం ఆగిపోయినా రెండోది రేడియోను కనీసం వినిపించేలా డిజైన్ చేయడం దీనికి మందు. కార్బన్ ఫ్లోరైడ్ సెల్ వాడి పారేసేది కాబట్టి ఖర్చు, వ్యర్థం పెరుగుతాయన్నదీ నిజమే. శిక్షణలో రీచార్జబుల్ ప్యాక్, రోజుల తరబడి చార్జింగ్ దొరకని చోట హైబ్రిడ్ ప్యాక్ వాడి, రెండూ ఒకే సాకెట్‌లో పట్టేలా చేస్తే ఆ భారం చాలావరకు తగ్గుతుంది. కొనేవాళ్లు మాత్రం 25 డిగ్రీల ల్యాబ్‌లో తేలిన సామర్థ్యంతో తృప్తి పడకూడదు. ఆగస్టు ఎండలో తలుపులు మూసిన వాహనంలో ఉంచి, నాలుగో రోజున ఎన్ని వాట్-అవర్లు మిగిలాయో చూసి కొనాలి. మోసే మనిషికి అక్కరకొచ్చే లెక్క అదొక్కటే.